మిర్చి ఎరుపుకి సినిమా రంగు: డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. సీజన్‌లో పొద్దున్నే లాట్లు చూడటానికి వెళ్ళేటప్పుడు కెమెరా కూడా పట్టుకెళ్తాను. రేకుల షెడ్ల కింద పోసిన కాయలు, టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్ళు, నా ఫొటోలన్నీ ఇవే. చిన్నప్పుడు థియేటర్లో రీలు మీద చూసిన ఆ చిక్కటి రంగు వీటికి తేవాలని రెండేళ్ళుగా నా ప్రయత్నం.

మొదట ఆన్‌లైన్‌లో ఐదొందలు పెట్టి 'సినిమాటిక్' ప్రీసెట్ల (ఒక్క నొక్కుతో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగ్‌ల) ప్యాక్ ఒకటి కొన్నాను. నొక్కగానే నీడలన్నీ నీలిపచ్చగా, మనుషుల ఒళ్ళు నారింజగా మారిపోయాయి. మా బాబాయ్ మిర్చి రైతు. ఆయనకి చూపిస్తే, "కోల్డ్ స్టోరేజీలో రెండేళ్ళు పడున్న కాయలా ఇవి?" అన్నాడు. అవి ఆ ఉదయమే కల్లం మీద నుంచి వచ్చిన తేజ రకం కాయలు! యార్డులో రంగును బట్టే ధర. ఎర్ర కాయకీ తాలు కాయకీ (రంగు పోయి తెల్లబారిన కాయకీ) తేడా తెలియని ఫొటో ఎంత అందంగా ఉన్నా నాకు అక్కర్లేదు.

ఆ తర్వాత పట్టుకున్నదే డావిన్చీ రిజాల్వ్. బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వాళ్ళది. అసలు వీడియోలకి రంగు దిద్దే సాఫ్ట్‌వేర్, కానీ ఫొటో కూడా దానికి ఒక ఫ్రేమే కదా. ఉచిత వెర్షన్‌లోనే 'ఫిల్మ్ లుక్స్' అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో కొడాక్ 2383 లట్‌లు దొరుకుతాయి. లట్ (LUT) అంటే ఏ రంగుని ఏ రంగుగా మార్చాలో చెప్పే పట్టిక ఫైల్. 2383 అంటే థియేటర్‌కి పంపే ప్రింట్లు వేసే ఫిల్మ్. నెగెటివ్ ఏదైనా చివరికి తెర మీద మనం చూసింది ప్రింట్ ఫిల్మ్ రంగునే. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఎరుపు దగ్గర తేడా ఎందుకొస్తుందో ఇది వాడాకే నాకు అర్థమైంది. మామూలుగా శాచురేషన్ (రంగు గాఢత) పెంచితే తెర మీద ఎరుపు మరింత వెలుగుతుంది, ఇంకాస్త పెంచితే కాయల మీది ముడతలన్నీ పోయి ఒకటే ఎర్ర ముద్ద మిగులుతుంది. ఫిల్మ్‌లో రంగు వచ్చేది అద్దకపు పొరల వల్ల. పొర చిక్కబడేకొద్దీ వెలుతురు తక్కువ దాటుతుంది, అందుకే ఎరుపు ముదిరేకొద్దీ ముదురు నీడలోకి దిగుతుంది. ఎండు మిర్చి నిజంగా ఉండేదీ అలాగే. ఇంత లోతైన ఎరుపు నా ఫొటోల్లో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

అయితే ఈ లట్‌ని నేరుగా ఫొటో మీద వేయకండి, నీడలన్నీ నల్లగా పూడుకుపోతాయి. అది సినియాన్ లాగ్‌లో, అంటే ఫిల్మ్ స్కాన్‌లా కాంట్రాస్ట్ తగ్గి పాలిపోయినట్టుండే రూపంలో, ఉన్న బొమ్మ కోసం చేసింది. నేను కెమెరా రా (RAW) ఫైల్‌ని 16 బిట్ టిఫ్‌గా మార్చి లోపలికి తెస్తాను. రిజాల్వ్‌లో ఒక్కో మార్పునీ ఒక్కో నోడ్ అనే పెట్టెలో వరుసగా చేస్తాం. మొదటి నోడ్‌లో వెలుతురు సరిచేస్తాను. రెండో దాంట్లో బొమ్మని లాగ్ రూపంలోకి మార్చే కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ వేసి అవుట్‌పుట్ గామా సినియాన్ ఫిల్మ్ లాగ్ పెడతాను. మూడో దాంట్లో 2383 లట్‌లలో డి65 అనేది. డి55 ఇంకా వెచ్చగా ఉంటుంది, మిర్చికి అంత వెచ్చదనం ఎక్కువే.

పూర్తి మోతాదు నాకు ఘాటుగా అనిపించింది. మూడో నోడ్ 'కీ అవుట్‌పుట్' (ఆ నోడ్ ప్రభావం ఎంత పడాలో చెప్పే అంకె) తగ్గించి చూస్తే బొమ్మ బూడిదగా పాలిపోయింది, ఎందుకంటే కింద ఉన్నది లాగ్ బొమ్మ. రెండు, మూడు నోడ్‌లని కలిపి ఒకే 'కాంపౌండ్ నోడ్' చేసి, దాని 'కీ అవుట్‌పుట్'ని 0.6కి తెచ్చాక సరిపోయింది. ఇది పట్టుకోవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది, మీకు ఆ టెన్షన్ వద్దు. పక్కన వెక్టర్‌స్కోప్‌లో (బొమ్మలోని రంగుల్ని గుండ్రటి గ్రాఫ్‌గా చూపేది) స్కిన్ టోన్ గీత పెట్టుకోండి. హమాలీల ముఖాలు ఆ గీత దగ్గరే ఉంటే మిగతా రంగులు ఎంత కదిపినా మనిషి మనిషిలా కనబడతాడు.

ఫొటోలకి పనికిరాని సంగతులూ ఉన్నాయి. వరుస నంబర్లున్న ఫొటోలన్నిటినీ ఒకే వీడియో క్లిప్ అనుకుంటుంది, మీడియా పేజీలో ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్‌ని ఇండివిడ్యువల్ చేయాలి. ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి నలుసు) కావాలంటే 295 డాలర్ల స్టూడియో వెర్షన్ కొనాలి, ఉచిత దాంట్లో వేస్తే వాటర్‌మార్క్ పడుతుంది. ఉచిత వెర్షన్‌లో అవుట్‌పుట్ 3840×2160 దాటదు, అంటే నా 24 మెగాపిక్సెల్ ఫొటో సగానికన్నా చిన్నదైపోతుంది. దీనికి దారి ఉంది. రంగు కుదిరాక థంబ్‌నెయిల్ మీద రైట్ క్లిక్ చేసి 'జెనరేట్ లట్'లో 65 పాయింట్ క్యూబ్ తీసుకుంటాను, అంటే నేను చేసిన రంగు మార్పంతా ఒక లట్ ఫైల్ అవుతుంది. దాన్ని డార్క్‌టేబుల్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో 'లట్ 3డి' మాడ్యూల్‌కి ఇస్తాను. ఫొటో పూర్తి సైజులో వస్తుంది. డార్క్‌టేబుల్ కూడా ఉచితమే.

ఒక్క జాగ్రత్త కెమెరాలోనే తీసుకోవాలి. ఎండ పడ్డ కాయల్లో రెడ్ ఛానల్ ముందే తెగిపోతే (వెలుతురు ఎక్కువై ఎరుపులోని వివరాలు పోతే) ఏ లట్ కూడా దాన్ని తిరిగి తేలేదు. నేను ఒక స్టాప్ తక్కువగా, అంటే సగం వెలుతురుతో, తీస్తున్నాను.

మార్చిలో తీసిన ఒక ఫొటోని ఇలా చేసి 12×18 ప్రింట్ వేయించాను. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. కుడివైపు గుట్ట మీద వేలు పెట్టి, "ఈ లాట్‌లో తాలు కలిసిందిరా, చూశావా" అన్నాడు.