డీబీవర్‌లో డెలిమిటర్ సెట్టింగ్: ఆరేళ్లు వాడాక నా మాట

డీబీవర్ అంటే రకరకాల డేటాబేస్‌లకి కనెక్ట్ అయ్యి క్వెరీలు నడుపుకునే టూల్. ఆరేళ్లుగా రోజూ దాని ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌లోనే పని చేస్తున్నాను. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, డీబీ2, పోస్ట్‌గ్రెస్, నాలుగూ అందులోనే. ఈఆర్ డయాగ్రమ్‌లు (టేబుళ్ల మధ్య సంబంధాలు చూపే బొమ్మలు), ఎక్స్‌పోర్ట్ ఎంత బాగుంటాయో చాలామంది చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. ప్రిఫరెన్సెస్‌లో ఎడిటర్స్, దాని కింద ఎస్‌క్యూఎల్ ఎడిటర్, అందులో ఎస్‌క్యూఎల్ ప్రాసెసింగ్ అని ఒక పేజీ ఉంది. ఒక స్టేట్‌మెంట్, అంటే ఒక ఎస్‌క్యూఎల్ ఆదేశం, ఎక్కడ ముగుస్తుందో టూల్‌కి తెలిసేది అక్కడే. ఆ ముగింపు గుర్తునే డెలిమిటర్ అంటారు, మామూలుగా అది సెమీకోలన్. కొత్తగా వాడేవాళ్లు ముందు తెరవాల్సిన పేజీ ఇదేనని నా గట్టి అభిప్రాయం.

మొదటి ఏడాది సంగతి. రాత్రి పూట ప్రొడక్షన్‌లో ఒక డేటా కరెక్షన్ చేయాలి. అప్‌డేట్ రాసి, సెట్ లైన్ల కింద చదవడానికి వీలుగా ఉంటుందని ఒక ఖాళీ లైన్ వదిలి, ఆ తర్వాత ఏ రోలు మారాలో చెప్పే వేర్ రాశాను. కర్సర్ పైన ఉండగానే, కర్సర్ ఉన్న స్టేట్‌మెంట్‌ని నడిపే కంట్రోల్ ఎంటర్ కొట్టాను. వేర్ లేకుండా అప్‌డేట్ నడపబోతున్నారు, కొనసాగించాలా అని బాక్స్ వచ్చింది. వేర్ కళ్లెదురుగా కనిపిస్తుంటే లేదంటుందేమిటి? క్యాన్సిల్ చేసి చూస్తే, ఖాళీ లైన్‌ని కూడా స్టేట్‌మెంట్ ముగింపుగా తీసుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. మార్పుల్ని వెంటనే ఖాయం చేసేసే ఆటో కమిట్ కూడా ఆన్‌లోనే ఉంది. ఆ బాక్స్ రాకపోయి ఉంటే టేబుల్ మొత్తం మారిపోయేది, ఆ టెన్షన్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత వెర్షన్లలో అది ఒక టిక్ బాక్స్, ఇప్పుడు ఆల్వేస్, నెవర్, స్మార్ట్ అని మూడు ఎంపికలున్నాయి. స్మార్ట్ అంటే ఖాళీ లైన్ తర్వాత కొత్త స్టేట్‌మెంట్ మొదలైతేనే అక్కడ తెంచుతుంది. మామూలు పనికి అది సరిపోతుంది, నేను మాత్రం నెవర్ పెట్టుకున్నాను. అలా పెడితే ప్రతి క్వెరీ చివరా సెమీకోలన్ తప్పనిసరి, మర్చిపోతే రెండు క్వెరీలు కలిసి ఒకటిగా వెళ్లి సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. వస్తే రానివ్వండి, సగం అప్‌డేట్ నడవడం కన్నా అదే నయం.

ఇక ప్రొసీజర్లు, అంటే డేటాబేస్‌లోనే దాచి పెట్టుకునే కోడ్. లోపల అన్నీ సెమీకోలన్లే కాబట్టి బయట ముగింపుకి వేరే గుర్తు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో మనం రాసే డెలిమిటర్ // అన్న లైన్ సర్వర్‌కి వెళ్లేది కాదు, క్లయింట్, అంటే మన దగ్గరున్న టూల్, అర్థం చేసుకోవాల్సింది, డీబీవర్ అర్థం చేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో $$ మధ్య ఉన్నదాన్ని ముట్టుకోదు. ఒరాకిల్‌లో విడి లైన్‌లో / పెడితే చాలు. నాకు పని పెట్టింది డీబీ2. మా పాత స్క్రిప్టులన్నీ కమాండ్ లైన్‌లో -td@ తో నడిచేవి, అంటే ప్రతి ప్రొసీజర్ ఎండ్ తర్వాతా @ ఉంటుంది. తొందరలో ప్రిఫరెన్సెస్‌లోనే డెలిమిటర్‌ని @ చేసేశాను. డీబీ2 నడిచింది, కానీ ఆ మార్పు మిగతా కనెక్షన్లన్నిటికీ అంటుకుంది, దాన్ని గుర్తుపట్టడానికి మర్నాడు సగం పూట పోయింది. ఇదే సెట్టింగ్‌ని ఒక్క కనెక్షన్‌కే పెట్టుకోవచ్చని తర్వాత తెలిసింది. కనెక్షన్ మీద రైట్ క్లిక్, ఎడిట్ కనెక్షన్, అందులో ఎస్‌క్యూఎల్ ఎడిటర్ భాగం. ఈ టూల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ సౌకర్యమే.

చివరి సెమీకోలన్ తీసేసి పంపే ఆప్షన్ కూడా అదే పేజీలో ఉంది. జావా ప్రోగ్రామ్ నుంచి ఒరాకిల్‌కి సెమీకోలన్‌తో సహా క్వెరీ పంపి ఓఆర్ఏ-00911 (చెల్లని అక్షరం ఉందనే ఎర్రర్) తిన్నవాళ్లకి అదెందుకో వెంటనే అర్థమవుతుంది.

ఒక్క కోరిక మాత్రం ఉంది. ఈ కనెక్షన్‌కి ఏ డెలిమిటర్ నడుస్తోందో ఎడిటర్ కింద అంచునే కనిపిస్తే ఎంతో బాగుండేది.

మీ దగ్గర ఎలా ఉందో ఇప్పుడే చూసుకోండి. ఏదైనా చిన్న టేబుల్ మీద సెలెక్ట్ రాసి, ఒక లైన్ ఖాళీ వదిలి, కింద వేర్ 1 = 2 అని రాసి, కర్సర్ మొదటి లైన్‌లో పెట్టి కంట్రోల్ ఎంటర్ కొట్టండి. ఒక్క రో కూడా రాకపోతే పర్వాలేదు. రోలు వచ్చాయంటే మాత్రం ఖాళీ లైన్ దగ్గరే మీ క్వెరీ తెగిపోతోందని అర్థం.