ఫుట్ బ్రేక్ ఉన్న పాత లేత్: నాలుగేళ్ల వాడకం తర్వాత

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. రైస్ మిల్లు షాఫ్టులు, పంపు బుష్‌లు, ట్రాక్టర్ పిన్నులు, ఇలా రోజువారీ జాబ్‌వర్క్. నాలుగేళ్ల కిందట మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ నుంచి ఆరున్నర అడుగుల ఆల్ గేర్డ్ (గేర్లతోనే స్పీడు మార్చే) లేత్‌ను, అంటే లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్‌ను, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. బెడ్డు, స్వింగ్, స్పీడుల లెక్కలు ఈ సైజు మిషన్ మీద పనిచేసిన వాళ్లందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది దాని ఫుట్ బ్రేక్ గురించి.

అంతకుముందు నేను పనిచేసిన లేత్‌లు వేటికీ బ్రేక్ లేదు. స్విచ్ ఆపాక చక్ (ముక్కను పట్టుకుని తిరిగే భాగం) తిరిగి తిరిగి దానంతటదే ఆగాలి. అంతసేపు ఓపిక పట్టలేక అరచేత్తో అదిమి ఆపేవాళ్లం. నాకు పని నేర్పిన మేస్త్రీకి అలాగే ఒకరోజు రెండు వేళ్లు పోయాయి. అందుకే ఈ పెడల్ అంటే నాకు అంత ఇష్టం. బెడ్డు (మిషన్ పొడవాటి పీఠం) కింద పొడవునా ఉంటుంది, ఎక్కడ నిలబడినా కాలికి అందుతుంది. కొంచెం తొక్కితే మోటారుకు కరెంటు తెగుతుంది, ఇంకాస్త తొక్కితే బ్రేక్ పట్టుకుంటుంది.

దీని అసలు విలువ థ్రెడ్ (మర) కోసేటప్పుడు తెలుస్తుంది. మా లీడ్ స్క్రూ (థ్రెడ్ కోసేటప్పుడు టూల్‌ను నడిపే పొడవాటి మర కడ్డీ) అంగుళాల లెక్కది. దాని మీద మిల్లీమీటర్ పిచ్ (మర చుట్ల మధ్య దూరం) కోయాలంటే మధ్యలో హాఫ్ నట్ (టూల్‌ను లీడ్ స్క్రూకు తగిలించే నట్టు) విప్పకూడదు. ప్రతి కోతకూ మిషన్ ఆపి, టూల్ వెనక్కి లాగి, రివర్స్‌లో రావాలి. టూల్ థ్రెడ్ చివర తీసిన గాడిలోకి రాగానే పెడల్ మీద కాలు వేస్తే చాలు, అక్కడే ఆగుతుంది. మొదటి ఏడాది షెడ్డుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చూపించాను.

రెండో ఏడాది వేసవిలో గొడవ మొదలైంది. కోత మధ్యలో మిషన్ ఉన్నట్టుండి ఆగిపోయేది. చప్పుడు లేదు, కాలిన వాసన లేదు. మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగేది. ఒకరోజు రెండుసార్లు ఆగేది, తర్వాత మూడు రోజులు ఏమీ ఉండేది కాదు. టూల్ కోతలో ఉండగా స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) ఆగితే కార్బైడ్ టిప్ (టూల్ కొసన ఉండే గట్టి కోత ముక్క) విరుగుతుంది. ఆ నెలలో 11 టిప్‌లు పోయాయి. స్టార్ట్ లివర్ మీద చెయ్యి వేయాలంటేనే టెన్షన్.

వచ్చిన ఎలక్ట్రీషియన్ మోటారు రీవైండింగ్ చేయించమన్నాడు. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే మా 3 హెచ్‌పీ మోటారు మూడు ఫేజుల్లోనూ 4 ఆంపియర్ల దగ్గర సమానంగా లాగుతోంది. ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులకు అటూ ఇటూగా ఉంది. సింగిల్ ఫేజింగ్ (మూడింటిలో ఒక ఫేజు పోవడం) అయితే మోటారు మూలుగుతుంది, ఒక ఫేజులో కరెంటే కనిపించదు. అదీ లేదు. మా ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) ట్రిప్ అయిందంటే ప్యానెల్ తెరిచి చేత్తో రీసెట్ నొక్కితేగానీ మిషన్ లేవదు. ఇది రీసెట్ ముట్టుకోకుండానే లేస్తోంది, అంటే ఓవర్‌లోడ్ కాదు. ఈ సంగతి మొదటి రోజే పట్టుకుని ఉంటే కొత్త కాంటాక్టర్‌కు (మోటారుకు కరెంటు కలిపి తెంపే స్విచ్) పెట్టిన డబ్బు మిగిలేది. కాంటాక్టర్ మార్చాక కూడా అలాగే ఆగింది.

ఒక ఆదివారం మా తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని ప్యానెల్ తెరిచాను. కంట్రోల్ సర్క్యూట్ 110 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయల్దేరిన వైరు ఎమర్జెన్సీ స్టాప్, చక్ గార్డు (చక్ మీది రక్షణ మూత) స్విచ్, పెడల్ లిమిట్ స్విచ్ (పెడల్ తొక్కితే తెరుచుకునే స్విచ్), ఓవర్‌లోడ్ కాంటాక్ట్ గుండా వరసగా వెళ్లి కాంటాక్టర్ కాయిల్‌కు చేరుతుంది. స్టార్ట్ అయ్యాక కాంటాక్టర్ తన హోల్డింగ్ కాంటాక్ట్‌తోనే, అంటే తన కరెంటును తానే పట్టి ఉంచుకుంటూ, నిలబడుతుంది. ఈ వరసలో ఏ ఒక్కటి రెప్పపాటు విడిపోయినా అది పడిపోతుంది. విడిపోయినది వెంటనే కలిసినా, మళ్లీ స్టార్ట్ చేసేదాకా లేవదు. అందుకే ఆగిన తర్వాత ఎన్నిసార్లు మీటర్ పెట్టినా అంతా బాగానే కనిపించేది.

మెయిన్ ఆపి, ఎక్కడా కరెంటు లేదని మీటర్‌తో చూసుకుని, ఒక్కో స్విచ్‌కు టెర్మినల్ దగ్గర ఒక వైపు వైరు విప్పాం. మీటర్‌ను బీప్‌లో (వైరు కలిసి ఉన్నంతసేపు కూసే సెట్టింగ్) పెట్టి నేను పట్టుకుంటే, తమ్ముడు ఆ స్విచ్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టాడు. ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర బీప్ తెగలేదు. చక్ గార్డు ఎత్తినా కూడా తెగలేదు. చూస్తే పాతవాళ్లు ఆ స్విచ్‌ను వైరు ముక్కతో బైపాస్ చేసేశారు. ఏడాదికి పైగా గార్డు తెరిచి ఉన్నా మిషన్ తిరిగే స్థితిలోనే పనిచేశామని తెలిసి ఒళ్లు జలదరించింది. ఆ ముక్క అప్పుడే పీకేసి వైర్లు సరిగ్గా కలిపాం. పెడల్ స్విచ్ దగ్గరకు వచ్చేసరికి బీప్ తునకలు తునకలుగా వచ్చింది.

మూత విప్పితే లోపల కూలెంట్, ఇనుప రజను కలిసి ముద్దయ్యాయి. కొత్త స్విచ్ వేశాం. మూడు వారాలు హాయిగా నడిచింది, నాలుగో వారం మళ్లీ ఆగింది.

ఈసారి నేల మీద పడుకుని చూశాను. పెడల్‌ను పైకి లాగే స్ప్రింగ్ సాగిపోయి ఉంది. కాలు తీశాక పెడల్ పూర్తిగా పైకి రావడం లేదు, స్విచ్ రోలర్ కామ్ (పెడల్‌తో కదిలి రోలర్‌ను నెట్టే ముక్క) అంచు మీదే నిలబడుతోంది. నున్నటి కోతలో ఏమీ కాదు. కీవే (పొడవునా కోసిన గాడి) ఉన్న షాఫ్టు తిప్పేటప్పుడు టూల్‌కు దెబ్బ మీద దెబ్బ తగిలి మిషన్ అదిరితే స్విచ్ క్షణం పాటు తెరుచుకుంటోంది. గుర్తు చేసుకుంటే ఆగినవి దాదాపు అన్నీ అలాంటి జాబులే. స్ప్రింగ్ మార్చి, స్విచ్ మీద రేకు గొడుగు బిగించాను. స్ప్రింగ్‌కు అయింది 40 రూపాయలు. అప్పటి నుంచి దానంతటది ఒక్కసారి కూడా ఆగలేదు.

బ్రేక్ మాత్రం ఇప్పుడు మొదట్లో అంత చురుగ్గా లేదు. లైనర్‌కు (బ్రేక్‌లో ఒరుసుకునే పొర) గేర్‌బాక్స్ ఆయిల్ తగులుతోంది. బరువైన జాబు హై స్పీడ్‌లో ఉంటే తొక్కాక కూడా కొన్ని చుట్లు తిరుగుతుంది. స్టెప్పు (షాఫ్టు లావు మారే చోటు) దాకా థ్రెడ్ ఉంటే స్పీడు తగ్గించి, గాడి కాస్త వెడల్పుగా తీస్తున్నాను. ఇంకోటి, మాది క్యామ్‌లాక్ (మర లేకుండా పిన్నులతో బిగించే) చక్. మరతో ఎక్కించే చక్ అయితే, బ్రేక్ ఒక్కసారిగా పట్టుకున్నప్పుడు చక్ విప్పుకుని వచ్చే ప్రమాదం ఉంది.

నేనైతే మళ్లీ ఇలాంటిదే కొంటాను. కానీ మాది ఒక్క షిఫ్టు పని, తమ్ముడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాడు, షెడ్డు పక్కనే ఉంటాడు. డెలివరీ తేదీలు తరుముతూ, ప్రతిదానికీ బయటి ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూసే వాళ్లు మేం పడ్డ ఆ రెండు నెలలు తట్టుకోగలరా అంటే గట్టిగా చెప్పలేను. చూడ్డానికి వెళ్తే అమ్మేవాళ్లు మిషన్‌ను ఖాళీగా తిప్పి చూపిస్తారు. కీవే ఉన్న షాఫ్టు ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి కోత పెట్టించండి. పెడల్ తొక్కి వదిలాక పూర్తిగా పైకి వస్తోందా లేదా కిందికి వంగి చూడండి.