సెక్షన్ 8 అద్దె సాయం: ఫారం తేలికే, ఉత్తరాలతోనే జాగ్రత్త

అమ్మానాన్నలు గ్రీన్ కార్డు మీద అమెరికా వచ్చి పిల్లల దగ్గర కొన్నేళ్లుంటారు. మనవలు పెద్దవుతారు, గదులు చాలవు, దగ్గర్లోనే చిన్న ఇల్లు తీసుకుందామంటే అద్దె విని గుండె ఝల్లుమంటుంది. అలాంటి పెద్దవాళ్లకూ, ఒక్క చిన్న జీతంతో పిల్లల్ని సాకుతున్న తల్లులకూ హౌసింగ్ అథారిటీ (తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల సంగతి చూసే స్థానిక ప్రభుత్వ సంస్థ) ఇచ్చే అద్దె సాయం కంటే గట్టి అండ ఈ దేశంలో మరొకటి లేదు. వోచర్, అంటే అద్దెలో కొంత అథారిటీయే కడుతుందనే పత్రం, చేతికొచ్చాక ఈ సేవకు అయిదుకు అయిదు ఇవ్వచ్చు. వచ్చేదాకా మాత్రం రెండున్నర దాటదు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకోవాలి. డబ్బిచ్చేది, నిబంధనలు రాసేది హడ్ అనే ఫెడరల్ శాఖ. దరఖాస్తు తీసుకునేది ఊరి హౌసింగ్ అథారిటీ, లేదా కౌంటీది. దరఖాస్తుకు ఒక్క సెంటు కూడా కట్టనక్కర్లేదు. ‘ముప్పై డాలర్లు కట్టండి, మీ పేరు ముందుకు జరుపుతాం’ అనే వెబ్‌సైట్ కనిపిస్తే అది మోసమే. హడ్ సైట్లో రాష్ట్రాల వారీగా అథారిటీల జాబితా ఉంటుంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

సాయం రెండు రకాలు. 1937 చట్టంతో మొదలైన పబ్లిక్ హౌసింగ్‌లో ఇల్లు అథారిటీదే. 1974లో వచ్చిన సెక్షన్ 8 కింద ఇచ్చే వోచర్‌తో ప్రైవేటు ఇల్లు మీరే వెతుక్కోవాలి. వోచర్ భవనానికే అంటిపెట్టుకుని ఉండే ఇళ్లు కూడా కొన్నిచోట్ల ఉంటాయి. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే: వీటికి వెయిటింగ్ లిస్టులు సాధారణంగా వేర్వేరుగా ఉంటాయి. ఒకదానిలో పేరు రాయించి అన్నిట్లోనూ ఉన్నామనుకుంటే ఏళ్లు వృథా. ప్రతి లిస్టు గురించీ విడిగా అడగండి. పక్క ఊళ్ల అథారిటీల్లోనూ పెట్టుకోండి, అది తప్పు కాదు. కొన్ని అథారిటీల్లో స్థానికులకు ప్రాధాన్యం ఉంటుంది. బయటివాళ్లను మొదటి ఏడాది తమ పరిధిలోనే ఉండమని అథారిటీ అడగచ్చు.

నిరీక్షణ ఎంతుంటుందో ఒక్క ఉదాహరణ చాలు. న్యూయార్క్ నగర అథారిటీ దాదాపు 15 ఏళ్ల తర్వాత 2024 జూన్‌లో వారం రోజులు వోచర్ లిస్టు తెరిచింది. ఆ వారంలోనే ఆరు లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. లాటరీ తీసి రెండు లక్షల పేర్లు ఉంచారు. అంటే ఆ లిస్టులో చోటు దొరకడమే ఒక లాటరీ. లాటరీ ఉన్నచోట మొదటి రోజు పెట్టినా చివరి రోజు పెట్టినా తేడా ఉండదు, అర్ధరాత్రి కూర్చుని హడావుడిగా నింపనక్కర్లేదు. వరస క్రమంలో తీసుకునే అథారిటీల్లో అయితే తేదీ, సమయమే ప్రాణం. ఏ పద్ధతో నోటీసులో రాసి ఉంటుంది, అది చదివాకే ఫారం తెరవండి.

అర్హత సంగతి. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో వోచర్‌కు సాధారణంగా సగం లోపు, పబ్లిక్ హౌసింగ్‌కు 80 శాతం లోపు ఉండాలి. కొత్తగా ఇచ్చే వోచర్లలో నాలుగింట మూడు అతి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే వెళ్లాలి, కాబట్టి గీతకు అటూ ఇటూగా ఉన్నవాళ్లు ఆశలు తక్కువ పెట్టుకోవడం మంచిది. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు అర్హులు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసాల వాళ్లకు ఇది రాదు. లెక్కలోకి వచ్చేది ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ల ఆదాయమే. అమ్మానాన్నలు విడిగా ఉంటామని దరఖాస్తు పెడితే కొడుకు జీతం మొత్తాన్ని వాళ్ల ఖాతాలో కలపరు. కానీ కొడుకు నెలనెలా తప్పకుండా పంపే డబ్బు వాళ్ల ఆదాయమే. అది దాచద్దు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడుతూనే ఉంటుంది.

ఇండియాలోని ఆస్తి గురించి మనవాళ్లు నోరు మెదపరు. ఊళ్లో ఇల్లు, రెండెకరాల పొలం, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే అన్నీ రాయాలి. ఆస్తి ఉందని రాసినంత మాత్రాన దరఖాస్తు పోదు. దాచి, తర్వాత బయటపడితే అర్హత లేకుండా పొందిన సాయం వెనక్కి కట్టమంటారు. 2016లో వచ్చిన హాట్మా చట్టం ఆస్తికి లక్ష డాలర్ల పరిమితి పెట్టి, ఏటా దాన్ని సవరించమంది. ఉండటానికి పనికొచ్చే సొంత ఇల్లున్న కుటుంబాలకూ అడ్డంకి పెట్టింది. అమలు అన్నిచోట్లా ఒకేసారి రాలేదు, అందుకే మీ అథారిటీ ఈ లెక్క ఎప్పటి నుంచి ఎలా తీస్తోందో ముందే అడగండి. ఊరి ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా ఎంతో చూపే కాగితం తెప్పించుకోండి. ఆ కాగితం తెనాలి నుంచో కరీంనగర్ నుంచో రావాలంటే నెల పడుతుంది, అథారిటీ ఇచ్చే గడువు మాత్రం రోజుల్లో ఉంటుంది.

పేర్లది మరో తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద చివర, పాత కాగితాల్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. పుట్టిన తేదీ బడిలో రాయించింది ఒకటి, ఇంట్లో చెప్పుకునేది మరొకటి. అథారిటీ మీ వివరాలను సోషల్ సెక్యూరిటీ రికార్డులతో సరిపోల్చి చూస్తుంది. అందుకని ఫారంలో పేరు, తేదీ ఆ కార్డు మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నట్టే పొల్లు పోకుండా రాయండి. ఆ రెండే కలవకపోతే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో సరిచేయించుకోండి, పిలుపొచ్చాక అంత టైం ఉండదు.

తొలి ఫారంలో సాధారణంగా రుజువులు అడగరు. పేర్లు, ఆదాయం, అడ్రసు, ప్రాధాన్య వర్గం రాస్తే చాలు. వృద్ధులు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, స్థానికులు, మాజీ సైనికులు వంటి వర్గాలకు అథారిటీని బట్టి ముందువరస దక్కుతుంది. మీకు వర్తించేది టిక్ చేయకపోతే వాళ్లు వెతికి పెట్టరు. చివర్లో వచ్చే కన్ఫర్మేషన్ నంబరును ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి.

ఇక అసలు సంగతి. చేతిదాకా వచ్చిన సాయం పోయేది ఎక్కువగా ఉత్తరాల దగ్గరే. రెండేళ్లకో మూడేళ్లకో ‘ఇంకా మీకు ఆసక్తి ఉందా’ అని ఒక పలుచటి కవరు వస్తుంది. ఈలోగా కొడుకు ఇల్లు మారి ఉంటాడు. కవరు తిరిగి వెళుతుంది, పేరు కొట్టేస్తారు. ఏళ్ల ఎదురుచూపు అంతటితో సరి. ఇల్లు మారిన వారంలోనే ప్రతి అథారిటీకి విడివిడిగా, రాతపూర్వకంగా కొత్త అడ్రసు తెలపండి. పోస్టాఫీసు ఫార్వర్డింగ్ మీద ఆధారపడద్దు. పేరు కొట్టేశారని తెలిస్తే ఊరుకోవద్దు. జవాబివ్వలేకపోవడానికి కారణం కుటుంబంలో ఎవరి వైకల్యమైనా అయితే తిరిగి చేర్చుకోవాల్సిన నిబంధన ఉంది. అర్హత లేదని తిరస్కరించినా పునఃపరిశీలన అడిగే హక్కుంది, గడువు ఆ ఉత్తరంలోనే ఉంటుంది.

వోచర్ వచ్చిందంటే మరో పరుగు మొదలు. ఇల్లు వెతకడానికి కనీసం 60 రోజులిస్తారు. పొడిగింపు చాలావరకు అథారిటీ ఇష్టం, వైకల్యం కారణమైతే గట్టిగా అడగచ్చు. ఇక్కడ లెక్క బాగా తెలిసుండాలి. మినహాయింపులు పోగా నెల ఆదాయం 1,200 డాలర్లు అనుకుందాం. అందులో 30 శాతం, అంటే 360 మీ వాటా. ఒక పడకగది ఇంటికి అథారిటీ పెట్టిన పేమెంట్ స్టాండర్డ్ (సాయం లెక్కకట్టడానికి తీసుకునే గరిష్ఠ మొత్తం) 1,500 అయితే వాళ్లు కట్టేది 1,140. ఇల్లు 1,450కి దొరికిందని సంబరపడతారు, కానీ కరెంటు, హీటింగ్ మీరే కట్టుకోవాలంటే వాటికి, ఉదాహరణకు, 150 కలిపి 1,600గా లెక్కేస్తారు. పైనున్న వంద మీ మీద పడి వాటా 460 అవుతుంది. కొత్తగా ఇల్లు తీసుకునేటప్పుడు ఈ వాటా ఆదాయంలో 40 శాతం, అంటే 480 దాటకూడదు. అందుకే అదే ఇల్లు 1,500 అయితే అథారిటీ ఒప్పుకోదు. ‘ఆ తేడా చేతిలో ఇచ్చేయండి’ అని యజమాని అంటే అక్కడి నుంచి వచ్చేయండి. అలాంటి చాటు చెల్లింపు బయటపడితే వోచరే పోతుంది. డిపాజిట్ సాధారణంగా మీ జేబులోంచే.

నచ్చిన ఇంటికి యజమానితో 52517 నంబరు ఫారం నింపించి ఇస్తే తనిఖీకి వస్తారు. పొగ అలారం లేకపోవడం, కిటికీ పగలడం, వేడినీళ్లు రాకపోవడం, వైర్లు బయటికి కనబడటం, చిన్నపిల్లలుంటే 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడిన పెయింటు. తనిఖీలో ఇళ్లు తప్పేది ఇలాంటి వాటితోనే, చాలావరకు ఒక పూటలో బాగుచేయించగలిగినవే. ముందే ఓసారి వెళ్లి అలారం బటన్ నొక్కి, కుళాయి తిప్పి చూసి రండి. ఇల్లు పాసై, అథారిటీ సరేననేదాకా సామాన్లు దించద్దు, పాసవకముందు రోజుల అద్దె సాధారణంగా వాళ్లు కట్టరు.

న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో వోచర్ అనగానే కాదనడం యజమానులకు చట్టవిరుద్ధం. టెక్సస్‌లో నగరాలు అలాంటి రక్షణ పెట్టకుండా 2015లో రాష్ట్రమే చట్టం చేసింది, అక్కడ ముందు ఫోన్ చేసి ‘వోచర్ తీసుకుంటారా’ అని అడిగాకే ఇల్లు చూడటానికి వెళ్లండి. కొడుకు కొన్న రెండో ఇంట్లో అమ్మానాన్నలు వోచర్‌తో ఉండచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. తల్లిదండ్రులు, పిల్లలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ఇల్లు అద్దెకు తీసుకోకూడదు. వైకల్యం ఉన్నవాళ్ల అవసరం కోసం అథారిటీ ఒప్పుకుంటేనే మినహాయింపు.

ఆదాయం మారినా, ఇంట్లో మనిషి చేరినా అథారిటీ చెప్పిన గడువులో తెలపాలి. ఇండియా నుంచి చుట్టాలు వచ్చి నెలల తరబడి ఉంటే అతిథుల పరిమితి ఎన్ని రోజులో లీజులో చూసుకోండి. మీరు ఇండియా వెళ్లినా ఇల్లు వరసగా 180 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. కొన్ని అథారిటీలు అంతకన్నా తక్కువే పెట్టాయి. సంక్రాంతికి వెళ్లి మామిడికాయల కాలం అయ్యాక వద్దామనుకునేవాళ్లు తిరుగు టికెట్ కొనేముందే ఆ సంఖ్య అడగండి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ రాసిచ్చి, ఆ కాగితం మీద ఆఫీసు స్టాంపు వేయించుకుని బయల్దేరండి.