పసిడి బాండు: ఎనిమిదేళ్ల తరువాత నా లెక్క

ప్రభుత్వం తరఫున రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో ఇచ్చిన సార్వభౌమ పసిడి బాండ్లలో 40 గ్రాములు తీసుకున్నాను. చేతికి బంగారం రాదు, ఎనిమిదేళ్లకు అప్పటి బంగారం ధర చెల్లిస్తామనే కాగితం వస్తుంది. జారీ ధర గ్రాముకు 2,956 రూపాయలు. ఆన్‌లైన్లో కట్టినవారికి 50 రూపాయలు తగ్గించడంతో నాకు పడింది 1,16,240 రూపాయలు. 2025 అక్టోబరు 16న గడువు తీరినప్పుడు గ్రాముకు 12,567 రూపాయల చొప్పున 5,02,680 రూపాయలు ఖాతాలో జమ అయ్యాయి. ఈ అంకెలు విన్నవారంతా పథకాన్ని మెచ్చుకుంటున్నారు. కాగితంగా బాండు తన పని చక్కగా చేసిందని నేనూ ఒప్పుకుంటాను గానీ, లాభంలో పెద్ద వాటా ఆ కాగితానిది కాదు.

ముందు సుగుణాలు చెప్పాలి. తరుగు, మజూరీ, జీఎస్టీ, లాకరు అద్దె ఏవీ లేవు. జారీలోనే కొని గడువు తీరేదాకా ఉంచుకున్న వ్యక్తికి మూలధన లాభాలపై పన్ను కూడా లేదు. వడ్డీ ఏడాదికి 2.5 శాతం, ఆరు నెలలకోసారి 1,453 రూపాయలు క్రమం తప్పకుండా వచ్చేవి. అయితే ఆ వడ్డీ మొదట పెట్టిన మొత్తం మీదే లెక్క కడతారు, పైగా దానికి పన్ను ఉంది. చివరికి వచ్చేసరికి బాండు విలువతో పోలిస్తే అది 0.6 శాతం కూడా లేదు. పెళ్లికి పెట్టుకోవడానికి పనికిరాని బంగారం బంగారమే కాదని మా అత్తగారు ఎనిమిదేళ్లూ అంటూనే ఉన్నారు.

ధర ఎలా కట్టారో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ప్రపంచ విపణిలో బంగారాన్ని డాలర్లలో, 31.1 గ్రాముల ఔన్సు లెక్కన అమ్ముతారు. దాన్ని రూపాయల్లోకి మార్చి, దిగుమతి సుంకం కలిపితే మన ధర దాదాపుగా వచ్చేస్తుంది. 2017లో ఔన్సు సుమారు 1,300 డాలర్లు, డాలరు 65 రూపాయలు, సుంకం 10 శాతం. 2025 అక్టోబరులో ఔన్సు 4,150 డాలర్ల దాపున, డాలరు 88 రూపాయల పైన ఉన్నాయి. మధ్యలో 15 శాతానికి పెరిగిన సుంకం మాత్రం 2024 జులై బడ్జెట్టులో 6 శాతానికి తగ్గింది. అంటే డాలరు ధర మూడు రెట్లు దాటింది, రూపాయి పతనం మరో మూడో వంతుకు పైగా జోడించింది, సుంకం కొద్దిగా వెనక్కి లాగింది.

ఐదేళ్లు నిండాక ముందుగానే సొమ్ము తీసుకునే వీలుంది. 2022 అక్టోబరులో ఆ అవకాశం వచ్చినప్పుడు నేను దరఖాస్తు సగం నింపాను కూడా. అప్పుడు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు (ఫెడ్) వడ్డీ రేట్లను వరుసగా పెంచుతోంది. వడ్డీ ఇవ్వని బంగారాన్ని వదిలి జనం డాలరు బాండ్లకు పోతారన్నది అందరికీ తెలిసిన సూత్రం. రేటు 2023 జులై నాటికి 5.25–5.50 శాతానికి చేరినా బంగారం కూలలేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేయడంతో, డాలర్లలో దాచుకోవడానికి జంకిన కేంద్ర బ్యాంకులు 2022 నుంచి మూడేళ్లపాటు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. 2024 సెప్టెంబరులో ఫెడ్ రేట్లు తగ్గించడం మొదలుపెట్టాక ఇక పగ్గాల్లేవు. నేను దరఖాస్తు పూర్తి చేయకపోవడానికి కారణం దూరదృష్టి కాదు, బ్యాంకు శాఖలో ఆ ఫారం ఎవరికివ్వాలో చెప్పేవారు దొరకకపోవడం.

తరువాత వాణిజ్య పోరు వచ్చింది. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాలు ప్రకటించిన మూడు వారాల్లోపే ఔన్సు 3,500 డాలర్లను తాకింది. ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలావాటిపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రూపాయి మరింత బలహీనపడింది. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మా బావమరిది, అమెరికాకు ఎగుమతి చేసేవారు రొయ్యలకు ధర తగ్గించి అడుగుతున్నారని వాపోయిన నెలలోనే నా బాండు విలువ పెరుగుతూ పోయింది. ఆయనను ముంచిన సుంకమే నన్ను తేల్చిందని ఆయనతో మాత్రం అనలేకపోయాను.

2015 నవంబరులో మొదటి విడత కొన్నవారికి 2,684 రూపాయలు ఎనిమిదేళ్ల తరువాత 6,132 అయ్యాయి, అంటే రెట్టింపుకు కాస్త పైన. నాకు నాలుగు రెట్లు దాటింది. వారికన్నా నేను చేసిన గొప్ప పని ఏమీ లేదు, రెండేళ్లు ఆలస్యంగా కొన్నానంతే.

2024 ఫిబ్రవరి తరువాత కొత్త విడతలు రాలేదు. పెరిగిన ధరంతా ఖజానాయే చెల్లించాలి కాబట్టి ప్రభుత్వం ఆపేయడంలో ఆశ్చర్యం లేదు. పాత బాండ్లు స్టాక్ ఎక్స్ఛేంజీల్లో దొరుకుతున్నా లావాదేవీలు పలచగా ఉంటాయి. కొన్ని విడతలు బంగారం ధర కంటే ఎక్కువకే పలుకుతుంటాయి. అలా అదనంగా పెట్టి నేనైతే కొనను. ధర కన్నా తక్కువకు, గడువు రెండు మూడేళ్లలో తీరే విడత దొరికితే పది గ్రాముల దాకా తీసుకుంటాను.