అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ‘డిస్క్రిప్టివ్’ పాఠం

మైత్రీవనం వెనక సందులోని ఈ సెంటర్‌లో విశేషణాల క్లాసు బాగుంది, నోట్సే పేలవం. ‘డిస్క్రిప్టివ్’ను వర్ణించేదానికి వాడాలి, వర్ణన పొందేదానికి కాదు. ‘హర్ లెటర్ వాజ్ వెరీ డిస్క్రిప్టివ్’ సరే. ‘చార్మినార్ ఈజ్ డిస్క్రిప్టివ్’ తప్పు. వర్ణించేది ఉత్తరం కదా, కట్టడం కాదు! బోర్డు మీద ఈ తేడా చక్కగా విడదీస్తారు. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇన్ డిస్క్రిప్టివ్’ అనే అలవాటునీ పట్టుకుంటారు. ‘ఇన్’ తర్వాత నామవాచకం రావాలి గనుక ‘ఇన్ డీటెయిల్’ అనాలి. నోట్సులో మాత్రం ‘షి రోట్ ఎ డిస్క్రిప్టివ్’ అని ఆపేశారు, వెనక ‘ఎస్సే’ ఏదీ? పోలికకు ‘మోర్ డిస్క్రిప్టివ్’ అనాలన్న ముక్కే లేదు. రాసిన వాక్యాలు దిద్దరు కాబట్టి, బ్యాంకు పరీక్షల డిస్క్రిప్టివ్ పేపరు (జవాబులు సొంత వాక్యాల్లో రాయాల్సినది) రాసేవాళ్లకు ఇది చాలదు.