ప్రొమీథియస్: ఆరేళ్లు వాడాక

ప్రొమీథియస్ అంటే సర్వర్లు ఎలా నడుస్తున్నాయో కనిపెట్టి, తేడా వస్తే అలర్ట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్. 2019లో మా టీమ్ దీనికి మారినప్పుడు మాకున్నవి 40 సర్వర్లు. ఆరేళ్లలో 600 దాటాయి. నా ఆన్‌కాల్ వారాలన్నీ (ఏ వేళ అలర్ట్ వచ్చినా నేనే చూడాల్సిన వారాలు) దీన్ని నమ్ముకునే గడిచాయి.

సర్వర్లు తమ మెట్రిక్‌లు, అంటే సీపీయూ, డిస్క్ వాడకం లాంటి అంకెలు, పంపేదాకా ఇది ఎదురుచూడదు. తనే ఒక్కో సర్వర్ దగ్గరికి వెళ్లి తెచ్చుకుంటుంది. మేం 15 సెకన్లకోసారి అని పెట్టుకున్నాం. సర్వర్ పలక్కపోతే దాని ‘అప్’ మెట్రిక్ సున్నా అయిపోతుంది. పాత టూల్‌లో గ్రాఫ్ గీత మధ్యలో ఆగిపోయేది, అంతే. ఎవరైనా చూస్తేనే తెలిసేది.

డిస్క్ అలర్ట్ సంగతి చెప్పాలి. ఇదివరకు 90 శాతం నిండితే ఫోన్ మోగేది. ఏడాదిగా 91 దగ్గరే కదలకుండా ఉన్న డిస్కులకీ మోగేది. ఇందులో ‘ప్రిడిక్ట్ లీనియర్’ అని ఒక ఫంక్షన్ ఉంది. గత కొన్ని గంటల్లో ఎంత స్పీడుగా నిండిందో చూసి, ఇలాగే పోతే ఇంకో నాలుగు గంటలకి ఎంతవుతుందో లెక్కకడుతుంది. ఒకరోజు సాయంత్రం ఐదింటికి ఈ అలర్ట్ వచ్చింది. చూస్తే డిస్క్ 62 శాతమే. ఎవరో డీబగ్ లాగింగ్ (ప్రోగ్రామ్ చేసే ప్రతి చిన్న పనీ ఫైల్లో రాసుకోవడం) ఆన్ చేసి మర్చిపోయారు. ఐదు నిమిషాల్లో ఆపేశాం. పాత పద్ధతిలో అయితే అది రాత్రి భోజనాల వేళకి మా మీద పడేది.

ఇక దెబ్బ తిన్న రోజు. ఇందులో ప్రతి మెట్రిక్‌కీ ఏ సర్వర్, ఏ సర్వీస్ అని చెప్పే లేబుల్స్ తగిలిస్తాం. లేబుల్‌కి కొత్త విలువ వచ్చిన ప్రతిసారీ కొత్త టైమ్ సిరీస్, అంటే విడిగా దాచాల్సిన అంకెల వరస, పుడుతుంది. మావాళ్లు లాగిన్ కౌంటర్‌కి యూజర్ ఐడీని లేబుల్‌గా పెట్టేశారు. లక్షల యూజర్లు, లక్షల సిరీస్‌లు. మెమరీ పెరిగి పెరిగి సాయంత్రానికి ప్రాసెస్ చచ్చిపోయింది. రీస్టార్ట్ చేస్తే, డిస్క్ మీదున్న లాగ్ అంతా మళ్లీ చదువుకుని లేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ సైట్ బాగానే నడిచింది, కానీ ఆ సంగతి మాకు తెలిసే దారి లేదు. అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు. మర్నాడే ప్రతి సర్వీస్‌కీ శాంపిల్ లిమిట్ (ఒక్కసారికి ఇన్ని అంకెలే తీసుకోవాలనే హద్దు) పెట్టాం, ఒకే రకం ప్రొమీథియస్‌లు రెండు పక్కపక్కనే నడపడం మొదలుపెట్టాం. ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలర్ట్‌ని బయటి సర్వీస్‌కి పంపుతున్నాం. అది ఆగిందంటే ప్రొమీథియసే పడిపోయిందని అక్కణ్నుంచి ఫోన్ వస్తుంది.

డేటా మామూలుగా 15 రోజులే ఉంచుతుంది. ఏడాది గ్రాఫులు కావాలంటే ఆ గడువు పెంచుకోవాలి, లేదా పాత డేటాని విడిగా దాచే తానోస్ లాంటిది జతచేయాలి, అది ఇంకో సిస్టమ్‌ని పోషించడమే. బిల్లింగ్ లెక్కలకి దీన్ని వాడకండి. మధ్యలో ఒకటి రెండు శాంపిళ్లు పోయినా పర్లేదనుకునే పనులకే ఇది.

లైసెన్స్ ఖర్చు లేదు. సౌండ్‌క్లౌడ్ అనే మ్యూజిక్ సైట్ ఇంజనీర్లు 2012లో తమ అవసరానికి మొదలుపెట్టినది, 2016 నుంచి కుబర్నెటిస్ లాంటి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని చూసుకునే ఫౌండేషన్‌లోనే ఉంది. బాగా వాడుకలో ఉన్న డేటాబేస్‌లకి ఎక్స్‌పోర్టర్, అంటే వాటి అంకెల్ని ప్రొమీథియస్‌కి అర్థమయ్యేలా అందించే చిన్న ప్రోగ్రామ్, దొరుకుతుంది.

ఒక్క సలహా. మొదటి ఏడాది సీపీయూ 80 దాటితే ఫోన్ మోగాలని మేమే రాసుకుని నిద్ర పాడుచేసుకున్నాం. లేచి చూస్తే యూజర్లకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇప్పుడు పేజీలు ఎర్రర్ ఇస్తున్నా, ఆలస్యమవుతున్నా, అదీ ఐదు నిమిషాలు ఆగకుండా సాగితేనే ఫోన్ మోగుతుంది. మొన్న ఒక స్విచ్ పోయి 30 సర్వర్లు ఒకేసారి మాయమైతే, ప్రొమీథియస్ అలర్ట్‌లని మాకు చేరవేసే అలర్ట్‌మేనేజర్ అన్నిటినీ కలిపి ఒకే మెసేజ్ పంపింది.