మాట్లాడే పెన్నుతో ఒక ఏడాది: పసిపిల్లలకు తెలుగు నేర్పే కిట్‌పై సమీక్ష

పసిపిల్లలకు తెలుగు మాటలు నేర్పుతుందంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక కిట్‌ను మా అమ్మాయికి పదమూడో నెల నడుస్తున్నప్పుడు 3,499 రూపాయలు పెట్టి కొన్నాము. మందపాటి అట్టపేజీల పుస్తకాలు నాలుగు, బొమ్మకు ఆనిస్తే దాని పేరు పలికే పెన్ను, ఏడాదిపాటు పనిచేసే వీడియోల యాప్ అందులో ఉన్నాయి. చందా గడువు ముగిసింది, మళ్ళీ కట్టమని కంపెనీ నుంచి రెండు రోజులకొకసారి సందేశం వస్తోంది కాబట్టి ఈ ఏడాదిలో మేము చూసిన మంచిచెడ్డలను ఇక్కడ రాస్తున్నాను. ఇదే మూసలో తయారైన కిట్లు ఇప్పుడు బజారులో చాలానే ఉన్నందున కంపెనీ పేరు చెప్పడం లేదు.

మేము పుణెలో ఉంటాము. ఇంట్లో తెలుగు, క్రెష్‌లో మరాఠీ, అపార్ట్‌మెంట్ మెట్ల మీద హిందీ వినిపించే వాతావరణంలో పిల్లకు తెలుగు ఎక్కడ వెనకబడుతుందోనన్న బెంగతో కొన్న వస్తువు ఇది. అయితే నాచేత డబ్బు కట్టించింది మాత్రం పెట్టె మీది ప్రచారం. పిల్లల మెదడు పుట్టుకతోనే లెక్కలు కట్టే యంత్రమని, ఈ కిట్ ‘స్టాటిస్టికల్ లెర్నింగ్’ (ఏ శబ్దం వెనుక ఏది ఎంత తరచుగా వస్తుందో గమనిస్తూ నేర్చుకోవడం) సూత్రాల మీద తయారైందని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. భాషాశాస్త్రంలో ఎం.ఏ. చదివిన నాకు ఆ మాట కొత్త కాదు. అందుకే ఆశపడ్డాను, అందుకే ఇప్పుడు కొంచెం కోపంగానూ ఉంది.

పెట్టె చెప్పే శాస్త్రం నిజమైనదే. 1996లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు జెన్నీ సాఫ్రాన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ ఎనిమిది నెలల పిల్లలకు కంప్యూటర్ గొంతుతో అర్థంలేని అక్షరాల ధారను రెండే రెండు నిమిషాలు వినిపించారు. ‘బిడాకు’, ‘పడోటి’ వంటి మూడక్షరాల మాటలు నాలుగింటిని కలగాపులగంగా కలిపి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఒత్తి పలకకుండా చేసిన ధార అది. ఒక మాట లోపల మొదటి అక్షరం వెనుక రెండోది ప్రతిసారీ వస్తుంది. మాట ముగిసిన చోట మాత్రం తరువాత వచ్చే అక్షరం మూడింటిలో ఏదైనా కావచ్చు. ఆ ఒక్క తేడాను పట్టుకుని పిల్లలు మాటలేవో, మాటల అతుకుల దగ్గర పుట్టిన అక్షరాల గుంపులేవో వేరుచేశారు. కొత్తగా తోచిన గుంపుల వైపే ఎక్కువసేపు చెవి పెట్టడం వల్ల ఆ సంగతి తెలిసింది.

దీన్ని మన ఇంట్లోకి తెచ్చుకుని చూస్తే, మనం పిల్లను ‘బంగారుతల్లి’ అంటాము, ‘బంగారుకొండ’ అంటాము, ‘బంగారుబొమ్మ’ అంటాము. ‘బం’ వెనుక ‘గా’, దాని వెనుక ‘రు’ దాదాపు ఎప్పుడూ వస్తాయి. ‘రు’ తరువాత ఏది వస్తుందో మాత్రం చెప్పలేము. మాట అక్కడ తెగుతుందని ఎవరూ చెప్పకుండానే పిల్లకు ఆ లెక్క అందుతుంది. మాటలను సంధి చేసి ముద్దగా పలికే మన భాషలో, ‘ఎక్కడికెళ్తున్నావమ్మా’ అని ఒక్క ఊపిరిలో అనేసే మన ఇళ్ళలో, ఈ పని ఎంత పెద్దదో ఊహించవచ్చు.

ఇంత చదివాక పెన్ను తీసి బొమ్మకు ఆనించండి. ‘పిల్లి’ అంటుంది. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ ‘పిల్లి’ అంటుంది, అదే గొంతుతో, అదే సాగతీతతో. ముందు మాటగాని వెనుక మాటగాని లేకుండా, తుంచి, కడిగి, పళ్ళెంలో పెట్టి ఇచ్చిన ముక్కలు రెండు వందలకు పైగా ఉన్నాయి. లెక్కలు కట్టే శక్తి మీద ఆధారపడ్డామని చెప్పుకునే వస్తువు ఆ లెక్కకు కావలసిన ధారనే పిల్లకు దక్కనీయలేదు. విడి మాటలు పిల్లలకు పనికిరావని నేను అనడం లేదు. అమ్మలు కూడా ‘పాలు?’ అని ఒక్క మాటే అడుగుతూ ఉంటారు, అది మేలే చేస్తుంది. నా అభ్యంతరం ఆ పద్ధతికి ఈ పేరు తగిలించడం మీదనే. పుస్తకాల్లో వాక్యాలున్న చోట కూడా ‘ఇది పిల్లి’, ‘ఇది కుక్క’, ‘ఇది ఆవు’ అన్న ఒకటే చట్రం. రెబెకా గోమెజ్ 2002లో పద్దెనిమిది నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో మొదటి మాటకూ చివరి మాటకూ ఉన్న సంబంధాన్ని పిల్లలు పట్టుకోవాలంటే మధ్యలో వచ్చే మాట ఎంత ఎక్కువగా మారుతూ ఉంటే అంత మంచిదని తేలింది. ‘నువ్వు’ అని మొదలైతే చివర ‘వు’, ‘మీరు’ అని మొదలైతే చివర ‘రు’ వచ్చే తెలుగుకు ఇది అచ్చంగా కావలసిన సంగతి. ఈ కిట్‌లో ‘నువ్వు’తో మొదలయ్యే వాక్యం ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టిన లోపం ఉచ్చారణ. మూడో పుస్తకంలో వంటింటి బొమ్మల పేజీ ఉంది. అక్కడ పళ్ళెం మీద పెన్ను పెడితే ‘పల్లెం’ అని, పళ్ళ బుట్ట మీద పెడితే ‘పల్లు’ అని వినిపిస్తుంది. ‘నీళ్ళు’ కూడా ‘నీల్లు’ అయింది. ఇదేదో పండితుల చాదస్తమని మా వారు నవ్వారు గాని, కాదు. 2002లోనే జెస్సికా మే, జానెట్ వెర్కర్, లూఆన్ గెర్కెన్ ఆరు, ఎనిమిది నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో, ఒకదానికొకటి దగ్గరగా ఉండే శబ్దాల వరుసలో రెండు చివరల వైపువి ఎక్కువసార్లు, అంటే రెండు వేర్వేరు కుప్పలుగా, వినిపిస్తే పిల్లలు వాటిని విడిగా గుర్తించారు. మధ్యరకంవే ఎక్కువసార్లు, ఒకే కుప్పగా, వినిపిస్తే గుర్తించలేదు. అంతకుముందు 1984లో వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంకో సంగతి చూపించారు. హిందీలోని త, ట వంటి శబ్దాల తేడాను ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పిల్లలు ఆరు, ఎనిమిది నెలల మధ్య బాగానే పట్టుకుంటారు, పది, పన్నెండు నెలలకు ఆ పట్టు చాలావరకు సడలిపోతుంది. పిల్లల చెవి తాను విన్నవాటిని పోగుచేసి లెక్కపెడుతుందన్న మాటకు అర్థం ఇదే. ల, ళ రెంటినీ ఒకే కుప్పలో పోసే గొంతును ‘శాస్త్రీయం’ అని అమ్మకూడదు. క్రెష్‌లో మరాఠీ ఆయమ్మ అరటిపండును ‘కేళం’ అంటుంది, ఎంత చక్కటి ‘ళ’ అది! తెలుగు ‘ళ’ మా పిల్లకు తెలుగు కిట్‌లో కంటే మరాఠీ అరటిపండులోనే బాగా దొరికింది.

యాప్ గురించి ఎక్కువ రాయను. రెండేళ్ళలోపు పిల్లలకు తెర చూపవద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. కిట్ మాత్రం ‘తొమ్మిది నెలల నుంచి’ అంటోంది. 2003లో పట్రీషియా కూల్ బృందం సియాటిల్‌లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు పన్నెండు విడతలుగా, విడతకు దాదాపు పాతిక నిమిషాల చొప్పున చైనా మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించిన మనుషుల దగ్గర పిల్లలు ఆ భాష శబ్దాలను నేర్చుకున్నారు. అవే మాటలను డీవీడీలో చూసినవాళ్ళు, ఆడియోలో విన్నవాళ్ళు ఏమీ నేర్చుకోలేదు. లెక్క కట్టే శక్తి ఉన్నా, ఎదుట మనిషి ఉంటే తప్ప ఆ లెక్క మొదలుకాదేమోనని ఆ బృందం అనుమానించింది. 2010లో జూడీ డెలోష్ బృందం పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల పిల్లలకు నాలుగు వారాలపాటు మాటలు నేర్పే వీడియో చూపించినప్పుడు కూడా, అసలు చూడని పిల్లలకంటే వాళ్ళు ఎక్కువ నేర్చుకోలేదు. వీడియో నచ్చిన తల్లిదండ్రులు మాత్రం తమ పిల్లలు చాలా నేర్చుకున్నారని నమ్మారు. ఈ కిట్‌కు వచ్చిన అయిదు నక్షత్రాల సమీక్షలు చదువుతున్నప్పుడు నాకు ఆ తల్లిదండ్రులే గుర్తొచ్చారు. మొదటి నెలలో నేను కూడా ఒకటి రాశానని ఒప్పుకుంటున్నాను.

యాప్‌లో ‘ఒకటి–అనేకం’ అనే పాఠం ఉంది. పిల్లి, పిల్లులు, కోతి, కోతులు, బల్లి, బల్లులు అని వరుసగా చూపిస్తుంది. మా అమ్మాయి దాన్ని ఒక్కసారి కూడా చివరిదాకా చూడలేదు. చీమలు, బొమ్మలు అని సరిగ్గా అంటూ ఉన్న పిల్ల రెండేళ్ళు నిండే ముందు ఒకరోజు కిటికీలోంచి చూపించి ‘పిల్లిలు’ అంది. వాటి వెంట ‘కోతిలు’ కూడా వచ్చాయి. మేము దిద్దలేదు. ‘అవును, పిల్లులు పడుకున్నాయి’ అని మా మాట మేము అన్నాము, అంతే. రెండు నెలలు గడిచేసరికి చివరి ‘ఇ’ని ‘ఉ’గా మార్చుకోవడం దానికదే వచ్చేసింది, కిట్‌లో లేని ‘గిన్నె మూతి’ని కూడా ‘మూతులు’ చేసింది. నేర్చుకుంటున్నామని తెలియకుండా, నేర్చుకున్నది చెప్పలేకుండా నేర్చుకోవడాన్ని మనస్తత్వవేత్త ఆర్థర్ రీబర్ 1967లో ‘ఇంప్లిసిట్ లెర్నింగ్’ అన్నాడు. ఒంగోలులో ఉన్న మా అమ్మను ‘పిల్లిలు’ ఎందుకు తప్పని అడిగితే, ‘అలా నోరు తిరగదు కదే’ అంది. అరవై ఏళ్ళుగా ఆ సూత్రాన్ని ఒక్కసారి కూడా తప్పకుండా పాటిస్తున్న మనిషి చెప్పగలిగింది అంతే.

ఇక మంచి సంగతులు. పుస్తకాల బొమ్మలు చాలా బాగున్నాయి, అట్టలు నమిలినా చిరగలేదు, రంగు వదలలేదు. పెన్ను చార్జింగ్ వారం వస్తుంది. నాలుగో పుస్తకం చివరి పేజీలో సూర్యుడి బొమ్మకు ఆనిస్తే ఒక పెద్దావిడ గొంతుతో కథ వస్తుంది. ఆవిడ ఎవరోగాని, ఆగుతూ, అడుగుతూ, ‘అప్పుడేమైందంటే’ అని ఊరిస్తూ, ళ, ణ అన్నీ నిండుగా పలుకుతూ చెప్పారు. కిట్ మొత్తం ఆవిడచేత చేయించి ఉంటే నేను ఈ సమీక్ష ఇలా రాసేదాన్ని కాదు. మేము పెన్ను పక్కన పెట్టి పుస్తకాన్ని ఒళ్ళో పరుచుకున్న రోజుల్లో, ‘పిల్లి ఎక్కడుంది, ఏం చేస్తోంది, పాలు తాగేసిందా’ అని పిల్లతో మాట్లాడుతూ తిరగేసిన రోజుల్లో, అదే పుస్తకం నుంచి నాలుగింతలు మాటలు పుట్టాయి.

వినియోగదారుల విభాగానికి ‘పల్లెం’ గురించి రెండుసార్లు రాశాను. మొదటిసారి చార్జింగ్ కేబుల్ ఎలా పెట్టాలో వివరిస్తూ జవాబు వచ్చింది, రెండోసారి ఏమీ రాలేదు. పుస్తకాలు నాలుగూ విడిగా అమ్ముతారా అని కూడా అడిగాను, అమ్మరట. విడిగా దొరికితే ఎనిమిది వందలకు నిస్సందేహంగా కొనుక్కోవచ్చు. పూర్తి కిట్ ధరకు మాత్రం వద్దు, చందా అసలే వద్దు. మేము యాప్ తీసేసి ఆ సాయంత్రపు అరగంటను ఒంగోలుకు వీడియో కాల్‌గా మార్చాము. తెర తెరేనని నాకు కూడా అనుమానం ఉండేది. అయితే అటు మనిషి పిల్ల మాటకు అప్పటికప్పుడు బదులిస్తే రెండేళ్ళు దాటిన పిల్లలు కొత్త మాటలు నేర్చుకోగలరని 2014లో సారా రోజ్‌బెరీ బృందం చూపించింది. నిన్న అమ్మ ఖాళీ పళ్ళెం ఎత్తి చూపించి అన్నం ఏదమ్మా అని అడిగితే, ఇటువైపు నుంచి ‘పల్లులు తినేసినాయి’ అని జవాబు వెళ్ళింది. పిల్లులో, పళ్ళో మేమింకా తేల్చుకోలేదు.